బావ ఇంట్లో వంద, మా ఇంట్లో ఇరవై అయిదు

మనుషులు పక్కవాడి ఇల్లు చూసి కుళ్ళుకుంటారు, బంగారం చూసి కుళ్ళుకుంటారు, వాళ్ళ పిల్లల ర్యాంకులు చూసి కుళ్ళుకుంటారు. నేను ఒక అంకె చూసి కుళ్ళుకున్నాను. సెకనుకు వంద ఎంబీ. మా బావ కంప్యూటర్‌లోకి ఫైళ్ళు కాపీ అయ్యే వేగం అది. నాది ఇరవై అయిదు. ఈ బాధ బయట ఎవరికీ చెప్పుకోలేకపోయాను. చెప్పాలంటే ముందు ఎంబీ అంటే ఏమిటో వివరించాలి. ఆ వివరణ అయ్యేసరికి జాలి పడే ఓపిక ఎవరికీ మిగలదు.

బావ అంటే మా పెదనాన్న అల్లుడు. పెదనాన్నను మేం పెద్దబాపు అంటాం. ఆబిడ్స్‌లో ఒక పాత బిల్డింగు మొదటి అంతస్తులో ఆయనకు పెళ్ళి వీడియోల స్టూడియో ఉండేది. కింద చెప్పుల దుకాణం, పక్కన టైలరు, మెట్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని చెప్పులు తొడిగి చూసుకుంటూ ఉండేవారు. వాళ్ళను దాటుకుని పైకి వెళితే మా స్టూడియో. నేను డిగ్రీ చదివేటప్పటి నుంచి అక్కడే ఉన్నాను. పొద్దున బషీర్‌బాగ్‌లో కాలేజీ, మధ్యాహ్నం నుంచి స్టూడియో. కెమెరా పట్టడం, తీసిన వీడియోను కోసి కూర్చడం అన్నీ అక్కడే నేర్చుకున్నాను.

స్టూడియోలో కంప్యూటర్ మొరాయిస్తే పెద్దబాపు "పిలువుండ్రి వాన్ని" అనేవాడు. ఆ వాడు నేనే. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ఇంట్లో టీవీ రాకపోయినా, చివరికి ఫ్రిజ్ చప్పుడు చేసినా వాన్నే పిలిచేవారు. ఫ్రిజ్ గురించి నాకు ఒక్క ముక్క తెలియదు. కానీ దాని వెనక్కి వెళ్ళి కాసేపు గంభీరంగా నిలబడి వచ్చేవాణ్ణి. సగం సార్లు అది భయపడి చప్పుడు మానేసేది. పెద్దబాపుకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు, నాకు అక్క. కొడుకు చేయాల్సిన పనులన్నీ నేనే చేస్తున్నానని నా ఉద్దేశం. ఆయన ఉద్దేశం ఏమిటో నేనెప్పుడూ అడగలేదు.

రెండేళ్ళ కింద అక్క పెళ్ళయింది. బావ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బషీర్‌బాగ్‌లో ఫ్లాటు. మనిషి మంచివాడు, నాకు వచ్చిన ఇబ్బందంతా అదే. చెడ్డవాడైతే పని సులువయ్యేది.

పెళ్ళయిన మూడో నెలలో స్టూడియో కంప్యూటర్ ఆగిపోయింది. పెద్దబాపు ఫోన్ తీసి, "అల్లుడుగారిని ఒక మాట అడుగుదాం" అన్నాడు. అప్పుడు నేను ఆయనకు ఎదురుగానే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాను. స్టూడియోలో మెత్తటి కుర్చీ ఒక్కటే ఉండేది. అది అప్పటిదాకా పెళ్ళివాళ్ళ కోసం. ఆ రోజు నుంచి అల్లుడి కోసం. ఇంట్లో మటన్ వండితే మూలుగ బొక్క చిన్నప్పటి నుంచీ నా పళ్ళెంలో పడేది. అదీ పోయింది. ఒకసారి బావే దాన్ని నాకు వేయబోతే పెద్దమ్మ ఆయన చేయి పట్టుకుని ఆపింది. బొక్క ఆయనది, దాన్ని దానం చేసిన మంచిపేరూ ఆయనది. నాకు మిగిలింది పులుసు.

ఇక సర్వర్ల సంగతి. ఇంటి సర్వర్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఎప్పుడూ ఆపకుండా ఒక మూలన నడుస్తూ ఉండే కంప్యూటర్. ఇంట్లో అందరి ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు వాటంతట అవే అందులోకి వెళ్ళి దాక్కుంటాయి. నాంపల్లిలో మా ఇంట్లో అది ఫ్రిజ్ పక్కన అల్మారాలో ఉండేది. ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాత కంప్యూటరే దాని శరీరం. బావ కూడా ఇంట్లో అలాంటిదే పెట్టాడు. పోయిన దసరా ముందు ఇద్దరం కలిసి ఆబిడ్స్‌లో ఒక కంప్యూటర్ సామాన్ల దుకాణానికి వెళ్ళి, ఒకే కంపెనీ, ఒకే మోడల్ ఎస్‌ఎస్‌డీలు చెరొకటి కొన్నాం. నాలుగు టీబీలవి. వీడియోలు దాచుకునే డ్రైవ్‌లు అవే. దుకాణదారు ఒకే డబ్బాలో నుంచి రెండూ తీసి మా చేతుల్లో పెట్టాడు. నాకు కుడిచేతివైపుది వచ్చింది. తర్వాత చాలా రోజులు ఆ ఎడమచేతివైపుది ఎందుకు తీసుకోలేదా అని ఆలోచించాను.

ఈ ఏడు బిల్డింగు కూలగొట్టి కొత్తది కడతామని యజమాని అందరికీ చెప్పేశాడు. నెలాఖరుకు స్టూడియో ఖాళీ చేయాలి. పెద్దబాపు కూడా ఇక చాలనుకున్నాడు. కెమెరాలు, లైట్లు అమ్మేశాడు. మిగిలింది పన్నెండు పాత హార్డ్ డిస్కులు. స్టూడియోలో ఇన్నేళ్ళు తయారైన పెళ్ళిళ్ళన్నీ వాటిలోనే. ఒకటి రెండు అప్పటికే కర్రుమని చప్పుడు చేస్తున్నాయి. అవి పాడవక ముందే అన్నీ ఒకచోట చేర్చాలి. ఎవరైనా ఎప్పుడైనా మా పెళ్ళి వీడియో పోయింది, మీ దగ్గర ఉందా అని వస్తే ఇవ్వాలి. అంటే ఆయన దుకాణం ఎవరింట్లో ఉంటుందన్నదే ప్రశ్న. బావ రెండు ఇళ్ళలో రెండు కాపీలు పెడదామన్నాడు. "రెండు దిక్కుల పెడితే రెండు దిక్కుల పోతది" అన్నాడు పెద్దబాపు. ఒక్క ఇల్లే. ఒక్క మనిషే జవాబుదారీ.

నాకు ఆ పన్నెండు డిస్కులు కావాలి. అందులో సగం పెళ్ళిళ్ళలో నేను కెమెరా మోశాను. ఆఖర్న చల్లారిన అన్నం తిన్నాను. ఒక పెళ్ళిలో కుర్చీ మీద ఎక్కి తీస్తూ పందిట్లో పడ్డాను, అదీ అందులోనే ఉంది. ఆ డిస్కులు మా అల్మారాలోకి వస్తే స్టూడియో నాదైనట్టు. బావ ఇంటికి వెళితే, నేను ఇన్నేళ్ళూ అక్కడ ఊరికే కూర్చుని వచ్చినట్టు.

పెద్దబాపు ఇద్దరికీ చెరొక డిస్కు ఇచ్చాడు. పోటీ అని ఆయన అనలేదు. ఎవరి దగ్గర ఎంతసేపు పడుతుందో చూద్దామన్నాడు. అదే పోటీ. బావ డిస్కు గంటలో అయిపోయింది. టీ వేళకు తెచ్చి ఇచ్చేశాడు. నాది మొదటి అయిదు నిమిషాలు వందతో ఉరికింది. తర్వాత డెబ్బై, యాభై, ఇరవై అయిదు. అక్కడ ఆగి ఇక కదలలేదు. అల్మారా ముందు నిలబడి ఆ అంకెను చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ముగిసింది. తీసుకెళ్ళి ఇస్తే పెద్దబాపు కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

"అల్లుడుగారి తాన్నే పెడ్దాంలేరా. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నాకు ఆదివారం దాకా టైం ఇవ్వమన్నాను. చిన్న పని ఉంది, సరి చేస్తానన్నాను. ఇచ్చాడు. పిల్లలు ఇంకొక్క ఓవర్ ఆడతామంటే పెద్దవాళ్ళు ఇచ్చినట్టు.

సోమవారం నుంచి మొదలుపెట్టాను. వేడెక్కుతుందేమో అనుకున్నాను. అల్మారా తెరిస్తే, మా అమ్మ ఎప్పుడు కప్పిందో, సర్వర్ మీద పూలు కుట్టిన గుడ్డ ఉంది. మా ఇంట్లో టీవీకి, మిక్సీకి, కుట్టుమిషన్‌కు అన్నిటికీ గుడ్డలుంటాయి. తలుపున్న అల్మారాలో ఉన్న వస్తువుకు దుమ్ము ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, దుమ్ముకు దారి చెప్పాల్సిన పని లేదంది. గుడ్డ తీసేశాను. ఫ్యాను పెట్టాను. డ్రైవ్ చల్లగా, హాయిగా, సెకనుకు ఇరవై అయిదుతో నడిచింది. మంగళవారం కేబుల్ మార్చాను. బుధవారం కేబుల్ గుచ్చే చోటు మార్చాను. గురువారం కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ అంతా కొత్తది చేశాను. ఇరవై అయిదు, ఇరవై ఆరు, ఇరవై అయిదు. ఆ ఇరవై ఆరు వచ్చిన నిమిషం నేను ఎంత సంతోషించానో రాయడానికి సిగ్గుగా ఉంది.

గురువారం సాయంత్రం అక్కను చూసి చాలా రోజులైందని బషీర్‌బాగ్ వెళ్ళాను. నిజానికి ఆదివారమే చూశాను. అక్క టీ పెడుతుంటే బావ సర్వర్ దగ్గరికి వెళ్ళి ముందు నుంచి, పక్క నుంచి చూశాను. బావ అది గమనించి, ఏం కావాలో అడగకుండా, నేను చూడటానికి వీలుగా ఒక పెద్ద ఫైలు కాపీ పెట్టాడు. వంద. వంద. వంద. కొండ మీద దేవుడి దీపంలా కదలకుండా వంద. ఆయన పెట్టెకు ఫ్యాను కూడా లేదు. పక్కనే మొక్కజొన్న పొత్తులు ఆరబెట్టి ఉన్నాయి.

"నీది గుడ ఇదే గద బామ్మర్ది. ఏమంటున్నది?"

"మంచిగనే ఉంది బావ. జర తాపీ మనిషి" అన్నాను.

కావాలంటే వచ్చి చూస్తానన్నాడు. వద్దన్నాను. ఆయన వచ్చి రెండు నిమిషాల్లో బాగుచేసేస్తాడేమోనని నా భయం. పాడైన డ్రైవ్‌తో బతకొచ్చు. బావ బాగుచేసిన డ్రైవ్‌తో బతకలేం.

దాంతో దుకాణదారు నాకు నకిలీ సరుకు అంటగట్టాడని నిర్ధారించుకున్నాను. శుక్రవారం మధ్యాహ్నం డ్రైవ్ ఊడబీకి జేబులో వేసుకుని, దారి పొడుగునా తగాదా మాటలు సిద్ధం చేసుకుంటూ ఆబిడ్స్ వెళ్ళాను. దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకునే పెద్దమనిషి. నా తగాదా మొదటి వాక్యం దగ్గర ఉండగానే డ్రైవ్ తీసుకుని తన కంప్యూటర్‌కు తగిలించాడు. స్క్రీన్ నా వైపు తిప్పాడు. తొంభై ఏడు శాతం నిండి ఉంది. వారమంతా వేగమే చూశాను, చోటు చూసుకోలేదు.

"హోటల్ చూసినవా భాయ్? ముంగట కౌంటర్, లోపల వంటిల్లు. కౌంటర్ల ఆర్డర్లు జల్ది జల్ది తీస్కుంటరు, ఎన్కకెల్లి ఆరాంగ లోపలికి పంపుతరు. హోటల్ ఖాళీగుంటే కౌంటర్ ఇంత పెద్దగుంటది. నిండితే ఆ కౌంటర్ జాగల గుడ కుర్చీలేస్తరు. ఇగ ఆర్డర్ ఎవరు తీస్కోవాలె?"

డ్రైవ్ కూడా అంతేనట. వచ్చిన ఫైళ్ళను ముందు ఒక ఖాళీ చోటులో వేగంగా రాసుకుని, తీరిగ్గా సర్దుకుంటుంది. చోటు లేకపోతే వచ్చింది వచ్చినట్టే సర్దాలి, అందుకే మొదటి అయిదు నిమిషాలు ఉరికి తర్వాత కూలబడుతుంది. మరి మా బావది అదే డ్రైవ్ కదా అన్నాను. అందులో ఏముందని అడిగాడు. ఏమీ లేదన్నాను, రెండు సినిమాలు, అక్క ఫోన్ ఫొటోలు. "అది ఖాళీ హోటల్ భాయ్" అన్నాడు. నా సిద్ధం చేసిన తగాదా అలాగే జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున డ్రైవ్‌లో ఏముందో చూశాను. చుట్టాలందరి ఫొటోలు, ఊటీలు, తిరుపతులు. అన్నిటికన్నా పెద్ద ఫోల్డరు ఒక్కటే టీబీ దాటింది. అక్క పెళ్ళి. నాలుగు కెమెరాలు, రెండు రోజులు, కోతా కూర్పూ లేకుండా తీసింది తీసినట్టు.

అది అక్కడ ఉండటానికి కారణం మా స్టూడియో కట్టుబాటు. తయారైన పెళ్ళి వీడియో ఇచ్చేశాక కూడా కోయని వీడియోను తొట్టెల ఫంక్షన్ దాకా తీసేయకూడదు. బిడ్డను తొట్టెలలో వేసే రోజు తీసే వీడియో, తల్లిదండ్రుల పెళ్ళిలోని అయిదు నిమిషాలతో మొదలవుతుంది. ఆ అయిదు నిమిషాలకు ఏం కావాలంటారో ముందుగా ఎవరికీ తెలియదు. పెళ్ళినాడు ఎవరూ పట్టించుకోని ముసలమ్మ ఈలోపు పోయి ఉంటుంది. ఆమె అక్షింతలు వేసిన ముక్క కావాలంటారు. అది కోతలో పోయి ఉంటుంది. అందుకని పెద్దబాపు ఏ పెళ్ళినీ తొట్టెలకు ముందు చెరపనివ్వలేదు. నాకు కెమెరా ఇవ్వకముందు నేర్పిన మొదటి పాఠం అదే. అక్క పెళ్ళిని మాత్రం స్టూడియోలో చోటు లేదని నా దగ్గర పెట్టాడు. "నీ తాన ఉంటే నా తాన ఉన్నట్టే" అన్నాడు. ఆ మాటను నేను చాలా నెలలు జేబులో పెట్టుకుని తిరిగాను.

చెరిపేశాను.

స్థలం కోసం అని చెప్పుకున్నాను. స్థలమే కావాలంటే ముందు ఊటీలు తీసేయాలి. ఒక్కొక్క క్లిప్పు మీదా బావ బొమ్మ చిన్నగా కనిపిస్తుంది. తలపాగాతో బావ, గుర్రం మీద బావ, దండతో బావ, మెత్తటి కుర్చీలో బావ. అన్నీ ఎంచుకుని, ఖచ్చితంగా చెరపమంటావా అని కంప్యూటర్ అడిగితే ఔనని నొక్కాను. మరీ అంత గట్టిగా నొక్కనవసరం లేదు. రెండేళ్ళయింది, ఆల్బం ఇచ్చేశాం, ఎవరడుగుతారు అనుకున్నాను. ఆ ఒక్క నిమిషం చాలా హాయిగా ఉంది. దాచడం ఎందుకు.

తర్వాత పరీక్షించాను. వంద, డెబ్బై, యాభై, ఇరవై అయిదు.

మధ్యాహ్నం మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. చెరిపాను, అయినా అంతే అన్నాను. దుకాణదారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టాడు.

"నాంపల్లి స్టేషన్ ముంగట లాడ్జిలున్నయి గద. నువ్వు రిజిస్టర్ల పేరు కొట్టేసినవ్. మనిషి గదిలనే పండుకున్నడు. ఖాళీ అయిందని గదులు ఊడ్చేటాయనకు చెప్పాలె గద."

మామూలుగా కంప్యూటరే ఆ కబురు డ్రైవ్‌కు చెబుతుందట. సర్వర్ పెట్టిన కొత్తలో నాకు తెలివి ఎక్కువై ఆ ఏర్పాటును ఆపేసి పెట్టాను. ఒక్క ఆదేశం నడిపితే చాలు, డ్రైవ్ అంతా ఊడ్చుకుని కొత్తదానిలా అవుతుందని చెప్పాడు. ఒక కాగితం ముక్క మీద రాసిచ్చాడు కూడా. ఇస్తూ, ఊడ్చినాక మాత్రం చెరిపింది దేవుడొచ్చినా దొరకదు, ఏమన్నా కావాల్నంటే ముందే చూసుకోమన్నాడు. నాకేం వద్దన్నాను.

నేరుగా ఇంటికి వెళ్ళి ఆ ఆదేశం నడపాలి. కానీ పక్క గల్లీలోనే స్టూడియో ఉంది. రేపటి నుంచి నాది కూడా వంద అని పెద్దబాపుకు చెప్పకుండా ఎలా వెళతాను. మెట్లెక్కాను. పెద్దబాపు ఒక్కడే ఉన్నాడు, సగం ఖాళీ అయిన గదిలో. బల్ల మీద మొజంజాహీ మార్కెట్ నుంచి తెచ్చిన ఐస్‌క్రీం డబ్బా. నేను నోరు తెరవక ముందే ఒక చెంచా చేతిలో పెట్టాడు.

"మీ అక్కకు మూడో నెలరా. పొద్దుగాల చెప్పిన్రు."

నేను ఐస్‌క్రీం నోట్లో పెట్టుకున్నాను. ఆయన కిటికీ వైపు తిరిగి చెబుతూ పోయాడు. స్టూడియో పోతే పోయింది, తొట్టెల వీడియో మాత్రం తానే తీస్తాడట. అదే ఆఖరుదట. అక్క పెళ్ళిలో వాళ్ళ అమ్మమ్మ, అంటే పెద్దమ్మ వాళ్ళమ్మ, మండపం మెట్లెక్కలేక కింద నుంచే అక్షింతలు విసిరింది. పోయిన ఏడాది ఆమె పోయింది. ఆ ముక్కతో మొదలుపెడతాడట.

"అది నువ్వు దీసిన కెమెరాలనే ఉంది. నీ తాన పదిలంగ ఉన్నది గద?"

"ఔ పెద్దబాపు" అన్నాను. అబద్ధాలు ఇంత చిన్నగా ఉంటాయని అప్పుడే తెలిసింది.

మెట్లు దిగుతూనే, చెప్పులు చూసుకునేవాళ్ళ మధ్య నిలబడి అమ్మకు ఫోన్ చేశాను. ఇంట్లో ఎవరు ఫోన్‌తో ఫొటో తీసినా అది సర్వర్‌లోకి వెళుతుంది. వెళ్ళిన ప్రతి ఫొటో, చెరిపేసిన పెళ్ళి పడుకున్న గదిలోకే వెళ్ళి, దాన్ని లేపి పంపించేయవచ్చు. పొద్దున నేను పరీక్షకు కాపీ చేసిన ఫైలు ఇప్పటికే ఎవరిని లేపిందో.

"అమ్మా, అల్మారల డబ్బ ఉంటది సూడు, దాని స్విచ్ తీసెయ్యి."

"అది ఎప్పటికీ తియ్యొద్దంటివి గదరా. నేను తీస్తే ఆగమాగం జేస్తివి."

"ఇప్పుడు తియ్యమ్మా. ఫొటోలేం తీయకు."

"ఇప్పుడే గోబీపువ్వు తెచ్చిన. ఎంత పెద్దగుందో అని తీసి మీ పిన్నికి పంపిన. ఏమైతది?"

ఏమీ కాదన్నాను. ఒక గోబీపువ్వు మా అక్క పెళ్ళిలో ఎవరి నెత్తిన కూర్చుందో దేవుడికే తెలియాలి.

కబురు అందక డ్రైవ్ నెమ్మదించింది. అందువల్లే పెళ్ళి కూడా మిగిలింది. పేరు కొట్టేశాను కానీ గది ఊడవలేదు. నాకు గొప్పలు చెప్పుకునే తొందర లేకపోయి ఉంటే, నేరుగా ఇంటికి వెళ్ళి ఊడ్చేసేవాణ్ణి. మంచి గుణమేదీ అడ్డం పడలేదు. ఇప్పుడు పోయినవి వెతికి తీసే ప్రోగ్రాం ఒకటి నడపాలి. దొరికినవి వేరే డ్రైవ్‌లో పెట్టాలి, అదే డ్రైవ్‌లో పెడితే మళ్ళీ పెళ్ళి మీద పెళ్ళే. టీబీ పైన ఖాళీ ఉన్న డ్రైవ్ నాకు తెలిసి హైదరాబాద్‌లో ఒక్కరి దగ్గరే ఉంది.

ఆదివారం పొద్దున బషీర్‌బాగ్ వెళ్ళాను. అక్క స్నానానికి వెళ్ళింది. బావ పేపరు చదువుతున్నాడు. శుభాకాంక్షలు చెప్పి, ఆ వెంటనే డ్రైవ్ తీసి టీపాయి మీద పెట్టాను.

"బావ, మీ పెళ్ళి చెరిపేసిన."

ఆయన పేపరు మడిచాడు. "మొత్తమా?"

"నాలుగు కెమెరాలు."

"ఎందుకు?"

స్థలం కోసం అనబోయాను. నోరు రాలేదు. "మీది వంద వొస్తున్నది. నాది ఇరవై అయిదు" అన్నాను.

ఆయన నవ్వుతాడని ఎదురుచూశాను. నవ్వితే నేనూ నవ్వి తప్పించుకోవచ్చు. ఆయన నవ్వలేదు. అంతమాత్రానికా అన్నట్టు చూడనూ లేదు. డ్రైవ్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఊడ్చే ఆదేశం నడిపావా అని ఒక్కటే అడిగాడు. లేదన్నాను. లేచి వెళ్ళి గది తలుపు దగ్గరగా వేశాడు.

"మీ అక్కకు తెల్వొద్దు. మామకు అసలే తెల్వొద్దు" అన్నాడు. తర్వాత వచ్చి కూర్చుంటూ, "మామ నాకెప్పుడు ఏదియ్యలె దాచుమని. ఇచ్చిన ఒక్క డిస్కు టీ టైంకే వాపస్ తీస్కున్నడు. ఇంత ఖాళీ పెట్టుకొని నేనేం జేస్కోవాలె" అన్నాడు.

మూలుగ బొక్క తినేవాడికి కూడా ఏదో ఒకటి తక్కువవుతుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. తట్టాక కూడా పెద్దగా జాలి కలగలేదు. కొంచెం కలిగింది.

వెతికే ప్రోగ్రాం ఆ రోజంతా నడిచింది. అక్కకు స్టూడియో పని అని చెప్పాం. అబద్ధం కూడా కాదు. దొరికిన క్లిప్పులకు పేర్లు లేవు, వట్టి నెంబర్లే. ఏది ముందో ఏది వెనకో లేదు. అప్పగింతల తర్వాత ఎదురుకోళ్ళు, తలంబ్రాల పక్కన పసుపు దంచుడు. బావకు యంత్రం తెలుసు కానీ తన పెళ్ళిలో ఏది ఎప్పుడు జరిగిందో ఆయనకు తెలియదు. పెళ్ళికొడుకులకు తెలియదు, వాళ్ళు ఎవరు లేవమంటే లేస్తారు, కూర్చోమంటే కూర్చుంటారు. నాకు తెలుసు. పక్కపక్కన కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి నేను పేరు చెబుతుంటే ఆయన రాసుకున్నాడు. నేను స్టాండు మీద కెమెరా పెట్టి ఆపడం మరిచిపోయి తిండికి వెళ్ళిన గంటంబావు కూడా దొరికింది. గంటంబావు సేపు ఖాళీ కుర్చీలు, ఒక చెప్పుల జత. అది మాత్రం చెక్కుచెదరలేదు.

సాయంత్రానికి రెండు క్లిప్పులు తప్ప అన్నీ తెరుచుకున్నాయి. ఆ రెండింటిలో సగం దాకా బొమ్మ వచ్చి తర్వాత బూడిదరంగు పలకలు. అమ్మమ్మ వాటిలో లేదు. విడిగా, నిండుగా దొరికింది. మెట్టు దగ్గర ఆగి, పైకి చూసి, ఎక్కడం కుదరదని తేల్చుకుని, క్రికెట్‌లో బంతి విసిరినట్టు అక్షింతలు విసిరింది. సగం పురోహితుడి మీద పడ్డాయి. బావ దాన్ని రెండుసార్లు చూశాడు. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున బావా నేనూ స్టూడియోకు వెళ్ళాం. పెద్దబాపు డిస్కులు మూట కడుతూ, ఏమైందిరా నీ పని అని అడిగాడు. వారం రోజులు నేను దాచి పెట్టుకున్న జవాబు ఒకటి ఉంది. అది వాడలేదు.

"బావ తాన పెట్టు పెద్దబాపు. ఆడ జాగ ఉంది."

ఆయన నా మొహం వైపు చూశాడు. ఒంట్లో బాగుందా అన్నట్టు. బావ మెత్తటి కుర్చీలో నుంచి లేచాడు. ఈ డిస్కుల్లో ఎవరి పెళ్ళి ఏదో తనకు తెలియదని, పేర్లు పెట్టడానికి నేను రావాల్సిందేనని, రాకపోతే తాను వాటిని తీసుకోనని పెద్దబాపుతో చెప్పాడు. పెద్దబాపుకు ఇందులో వాదించాల్సిందేమీ కనిపించలేదు.

"అయితే ఇద్దరు కూసోని చేస్కోండ్రి" అని మూట నా చేతికే ఇచ్చాడు. మెట్లు దిగేటప్పుడు బరువు మోసేది నేనే అన్నమాట.

అప్పటి నుంచి ఆదివారాలు బషీర్‌బాగ్‌లోనే. అక్క పెళ్ళిని ఊడ్చిన నా డ్రైవ్‌లోకి తిరిగి చేర్చాం. ఊటీలను ఎవరి ఊటీ వాళ్ళకు పంపేశాను. బావ సర్వర్‌లో ఒక్కొక్క డిస్కూ కాపీ అవుతుంటే నేను పక్కన కూర్చుని ఇది గౌలిగూడ వాళ్ళ పెద్దమ్మాయిది, ఇది వానొచ్చి పందిరి కూలినది అని చెబుతాను. ఆయన రాస్తాడు. స్క్రీన్ మూలన ఆ అంకె ఉంటుంది. వంద. ఎన్ని డిస్కులు వేసినా వంద. అలవాటవుతుందనుకున్నాను. కాలేదు.

పోయిన ఆదివారం పదకొండో డిస్కు పెట్టాం. బావ వంటింట్లో టీ పోస్తున్నాడు. వంద ఉన్నది డెబ్బై అయింది. నేను కుర్చీ ముందుకు జరుపుకున్నాను. యాభై. బావ టీ తెచ్చి చేతికిచ్చాడు, స్క్రీన్ వైపు చూడలేదు, అక్కకు వాంతులు తగ్గాయని చెప్పాడు. మంచిదే అన్నాను. ముప్పై. ఇరవై అయిదు. అక్కడ నిలబడింది, మా ఇంటి అంకె, ఆయన ఇంట్లో.

చెప్పాలి. రెండు సినిమాలు తీసేసి ఒక్క ఆదేశం నడిపితే ఆఖరి డిస్కు తొందరగా అయిపోతుంది, ఆ కాగితం ముక్క నా పర్సులోనే ఉంది. చెబుతాను. ముందు టీ తాగాను, తొందరేమీ లేకుండా, కప్పు అడుగున చక్కెర కూడా వదలకుండా. తర్వాత, "బావ, నీ హోటల్ నిండింది" అన్నాను.